బోటు అడుగు కనబడకుండా పోయిన చోట: ఓగురి దారిలో ఫిజిక్స్ మొదలుపెట్టడం ఎలా

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన వారంలో ప్రతి ఏడూ ఎవరో ఒక తండ్రి బండి ఆపి మా అరుగు మీద కూర్చుంటాడు. "మావోడు ఇంజినీరింగ్ వద్దంటున్నాడండి మాస్టారూ, ఫిజిక్సంట, అందులోనూ థియరీ అంట, అది చదివితే ఏవొస్తదండి?" అని అడుగుతాడు. పక్కన కుర్రాడు నేల చూస్తుంటాడు. చాలా ఏళ్ళు ఆ ప్రశ్నకి నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఐన్‌స్టీన్ పేరెత్తితే తండ్రి నవ్వేస్తాడు, జీతం గురించి మాట్లాడితే కుర్రాడి మొహం వాడిపోతుంది. ఈ మధ్యే ఒక పద్ధతి కుదిరింది. ఒక్క మనిషి కెరీర్ తీసుకుని, అందులో మనం అమలాపురంలోనో పాలకొల్లులోనో ఉండి ఇవాళే చేయగలిగినవేంటి, ఊరు దాటితే తప్ప కుదరనివేంటి అని విడదీసి చెప్పడం. ఇక్కడ రాస్తున్నది అదే.

ఆ మనిషి హిరోసి ఓగురి. పేరు ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే ఊగురి అని చదివేస్తాం, కానీ అది దీర్ఘం తీసిన ఓకారం, మనకి తెలుగులో రాసుకోవడం సుఖం. హిరోసి అని రాసుకుంటారు గానీ జపాన్ వాళ్ళు పలికేది హిరోషి. 1962లో గిఫు అనే చోట పుట్టారు. స్ట్రింగ్ థియరీలో, అంటే ప్రపంచంలో ప్రతిదీ చివరికి అతి సన్నని తీగల కంపనమే అనే సిద్ధాంతంలో, పెద్ద పేరు, అమెరికాలో కాల్టెక్ ప్రొఫెసర్. అంతకన్నా నాకు నచ్చిన సంగతి ఏంటంటే, ఇంత పని చేస్తూనే తన దేశంలో మామూలు జనం కోసం వాళ్ళ భాషలోనే పుస్తకాలు రాశారు, అవి బాగా అమ్ముడుపోయాయి కూడా.

ఆయన చిన్నప్పటి సంగతి ఒకటుంది, ఆయనే చెప్పుకున్నది. నగోయా ఊళ్ళో ఒక ఎత్తైన బిల్డింగ్ మీద రెస్టారెంట్, స్కూలు పిల్లాడిగా అక్కడికి వెళ్ళినప్పుడు కిటికీలోంచి దూరంగా నేలా ఆకాశం కలిసే గీత చూసి, బిల్డింగ్ ఎత్తూ ఆ గీత దాకా దూరమూ తెలిస్తే భూమి ఎంత పెద్దదో తేల్చేయొచ్చు కదా అని లెక్కేసుకున్నాడట. నగోయా చుట్టుపక్కలంతా బల్లపరుపు నేల, కిసో, నగర, ఇబి అని మూడు నదులు ఒండ్రు తెచ్చి పోసిన మైదానం. ఇది చదవగానే నాకు మన డెల్టా గుర్తొచ్చింది. కొండ అడ్డం రాని నేల, దాని చివర సముద్రం. ఆ పిల్లాడికి ఉన్నవన్నీ మనకీ ఉన్నాయి, రెస్టారెంట్ ఒక్కటే తక్కువ.

కాబట్టి మొదటి పని పుస్తకం కొనడం కాదు, కోచింగ్‌లో చేరడమూ కాదు. భూమిని కొలవండి.

కావలసినవి: సముద్రపు ఒడ్డున ఒక మేడ, పొడుగాటి తాడు, ఒక బైనాక్యులర్, వేటకెళ్ళే బోటులో జీపీఎస్ ఉన్న ఒక తెలిసిన మనిషి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మరబోట్ల వేట నిషేధం, ఆ రెండు నెలలూ పెట్టుకోకండి, కనబడే బోటే ఉండదు. శీతాకాలం పొద్దుటపూట మంచు కమ్ముకుంటుంది. ఒక వాన పడి వెలిసిన మర్నాడు గాలి కడిగినట్టు ఉంటుంది చూడండి, అలాంటి రోజు కుదిరితే అదృష్టం. దీనికోసం ప్రత్యేకంగా బోటు కట్టించుకుని సముద్రంలోకి పోవద్దు. వాళ్ళు ఎటూ వేటకెళ్తారు, తిన్నగా బయటికి పోతున్నప్పుడు ఐదు నిమిషాలకోసారి టైమూ, ఒడ్డు నుంచి దూరమూ చూసి రాయమంటే చాలు. అంత దూరంలో ఫోన్ సిగ్నల్ ఒకసారి ఉంటుంది, ఒకసారి ఉండదు, దాన్ని నమ్ముకుంటే పని చెడుతుంది.

మీరు మేడ మీద కూర్చుని బోటునే చూస్తూ ఉండాలి. మొదట బోటు అడుగు, అంటే నీళ్ళని ఆనుకున్న గీత, కనబడకుండా పోతుంది. పైభాగం ఇంకా కనబడుతూనే ఉంటుంది. ఆ అడుగు మాయమైన టైము రాసుకోండి. అలల వల్ల ఒక్క క్షణంలో తేలదు, నలుగురూ చూసి ఎవరి టైము వాళ్ళు రాసి తర్వాత సరాసరి కట్టండి. సాయంత్రం బోటు వచ్చాక వాళ్ళ కాగితంలో ఆ టైముకి దూరం ఎంతుందో చూడండి. ఆ దూరాన్ని దానితోనే హెచ్చించి, మీ కంటి ఎత్తుకి రెట్టింపుతో భాగిస్తే భూమి వ్యాసార్ధం వస్తుంది. ఎందుకొస్తుందో నేను చెప్పను. పదో తరగతి పైథాగరస్ చాలు, భూమి కేంద్రం, మీ కన్ను, బోటు, ఈ మూడు చుక్కలూ కలిపి త్రిభుజం గీస్తే బోటు దగ్గర లంబకోణం వస్తుంది, మిగిలింది మీరే చేయాలి. ఆ గీత గీయని వాడికి ఈ వ్యాసంలో తర్వాతిదేదీ పనికిరాదు.

మేం మొదటిసారి చేసినప్పుడు ఏమైందో చెబుతాను. ఓడలరేవు వైపు తెలిసినవాళ్ళ మేడ. తాడు దించి కొలిస్తే కంటి ఎత్తు 8 మీటర్లు. బోటాయన "ఏంటండి మాస్టారూ, నేను ములిగేదాకా చూస్తారా" అని నవ్వుకుంటూ వెళ్ళాడు. దూరం 12.8 కిలోమీటర్లని తేలింది. లెక్క కడితే వ్యాసార్ధం 10,240 కిలోమీటర్లు! అసలుది 6,371. కుర్రాళ్ళు డీలా పడిపోయారు, ఒకడైతే బోటాయన దూరం తప్పు రాశాడని తేల్చేశాడు. తప్పు ఆయనది కాదు, మాది. మేడ ఎత్తు కొలిచాం గానీ మేడ కూర్చున్న ఇసకదిబ్బ ఎత్తు మరిచిపోయాం. దిబ్బ నుంచి నీళ్ళ దాకా ఇంకో 3 మీటర్లు ఉంది. ఎత్తు 11 అని పెడితే 7,447 వచ్చింది. ఇప్పటికీ ఎక్కువే. ఈ మిగిలిన ఎక్కువకి కారణం వెతకడానికి మాకు ఇంకో వారం పట్టింది. నీళ్ళ మీది గాలి కింద చిక్కగా, పైన పల్చగా ఉంటుంది కాబట్టి వెలుతురు కాస్త కిందికి వంగి వస్తుంది, అందుకని మామూలుగా కనబడాల్సిన దానికన్నా దూరం చూస్తాం. మామూలు రోజుల్లో దీనివల్ల భూమి దాదాపు ఆరో వంతు పెద్దదైనట్టు లెక్కలో వస్తుంది. ఆ ఆరో వంతు దిద్దుకుంటే, అంటే వచ్చిన దాన్ని ఆరుతో హెచ్చించి ఏడుతో భాగిస్తే, 6,383. ఆ రోజు సాయంత్రం ఎవడూ ట్యూషన్‌కి పోలేదు.

పోటు పాట్లు కూడా చూసుకోవాలి. పాటు మీద కొలిచిన ఎత్తు పోటు మీద అంత ఉండదు.

ఈ భూమి వంపు సంగతి మన కాలవల్లోనూ ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ ఈ డెల్టా బతుకంతా మట్టాల మీదే నడుస్తోంది, ఎక్కడ ఎంత వాటం ఇవ్వాలన్నదే ప్రశ్న. సర్వే చేసేవాళ్ళనడగండి, బల్లపరుపుగా చూసే చూపుకీ నీటి మట్టానికీ మధ్య కిలోమీటరుకి 7.85 సెంటీమీటర్ల తేడా వస్తుందంటారు. రెండు కిలోమీటర్లకి రెట్టింపు కాదు, నాలుగింతలు. పది కిలోమీటర్లకైతే 7.85 మీటర్లు, అంటే రెండంతస్తుల మేడ పైచిలుకు. బల్లపరుపు అనుకునే మన నేల కూడా భూమితో పాటు వంగే ఉంది. ఈ అంకె మీ త్రిభుజంలోంచే వస్తుంది, రాబట్టండి.

నేను దీని మీద ఇంతసేపు ఎందుకు ఆగానంటే, థియరీ అనగానే మన పిల్లలకి బ్లాక్ హోల్ వీడియోలు గుర్తొస్తాయి, చూడ్డానికి బాగుంటాయి, చూశాక చేతిలో ఏమీ మిగలదు. ఓగురి పని బ్లాక్ హోల్స్ మీదా ఉంది, మామూలుగా ఎవరూ ఊహించలేని ఆకారాల మీదా ఉంది. కానీ మొదలు మాత్రం ఒక కిటికీ, రెండు అంకెలు, ఒక త్రిభుజం. తప్పు అంకె వచ్చినప్పుడు బోటాయన్ని తిట్టకుండా దిబ్బ దాకా వెళ్ళి మళ్ళీ కొలిచే ఓపిక ఉందా లేదా అన్నది ఇక్కడే తెలిసిపోతుంది. అది లేకపోతే ఇంజినీరింగే మంచిది, నిజంగా చెబుతున్నా, అందులో తప్పేమీ లేదు.

ఓపిక ఉందని తేలాక ఊరు దాటే సంగతి.

ఓగురి క్యోటో యూనివర్సిటీలో చదివారు. యుకావా, తోమొనాగా ఇద్దరూ చదివిన చోటు అది, 1949లో ఒకరికి, 1965లో ఇంకొకరికి నోబెల్. 1986లో మాస్టర్స్ అవగానే పీహెచ్‌డీ లేకుండానే టోక్యో యూనివర్సిటీలో ఉద్యోగంలో చేరారు, పీహెచ్‌డీ 1989లో టోక్యో నుంచి వచ్చింది. ఈలోగా ప్రిన్స్‌టన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీ, తర్వాత షికాగో, 1990లో మళ్ళీ క్యోటో, 1994లో బర్క్‌లీ ప్రొఫెసర్, 2000లో కాల్టెక్. తండ్రులకి నేను ఈ ముక్క దగ్గర ఆగి చెబుతాను: చూడండి, ఎనిమిదేళ్ళలో ఎన్ని ఊళ్ళు మారారో. అంత పేరున్న మనిషికే ఇలా ఉంది. మీవాడికి ముప్పై దాటేదాకా ఒకచోట కుదురు ఉండదు, పీహెచ్‌డీ అయ్యాక కూడా రెండేళ్ళొకచోట, మూడేళ్ళొకచోట పనిచేయాలి, పెళ్ళి మాటలప్పుడు ఇది చెప్పుకోడానికి ఇబ్బందిగానే ఉంటుంది. ఇది దాచి కుర్రాణ్ణి పంపితే తర్వాత ఇంట్లో గొడవలు. అన్నట్టు మన వైపు నుంచి ఇలా తిరిగినవాళ్ళు లేరని కాదు. భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద సన్యాసం తీసుకుని కూడా యూరప్ వెళ్ళి ఫిజిక్స్ చదివి, వచ్చి ఆంధ్రా యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్ నిలబెట్టారు.

డబ్బు సంగతి మాత్రం తండ్రులు అనుకున్నంత భయంకరం కాదు. ఇంటర్ అవగానే ఐసర్ల (సైన్సు చదువుకీ పరిశోధనకీ కేంద్రం పెట్టిన సంస్థలు) పరీక్ష ఉంది, ఐఏటీ అంటారు, 2015 నుంచి తిరుపతిలోనూ ఐసర్ ఉంది. అలాంటిదే భువనేశ్వర్ నైసర్, దానికి నెస్ట్ అని వేరే పరీక్ష. ఇవి రాకపోయినా కొంపేం మునగదు, దగ్గర్లో మంచి డిగ్రీ కాలేజీలో బీఎస్సీ చేసి జామ్ అనే పరీక్ష రాసి ఐఐటీలో ఎంఎస్సీకి పోవచ్చు. పీహెచ్‌డీకి జెస్ట్, నెట్ అనే పరీక్షలు, ముంబైలోని పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్ వాళ్ళ సొంత పరీక్ష ఉన్నాయి. అక్కడి నుంచి మీరు ఫీజు కట్టడం కాదు, వాళ్ళే ఇస్తారు, 2023 నుంచి జూనియర్ ఫెలోషిప్ నెలకి 37,000 రూపాయలు. జపాన్ మీద మోజుంటే వాళ్ళ ప్రభుత్వం మెక్స్ట్ స్కాలర్‌షిప్ ఎంబసీ ద్వారా ఇస్తుంది. ఇంటర్‌లో ఉన్నవాళ్ళకి ఒక్క మాట. బిట్లు కొట్టడం వేరు, ఒక ఫలితాన్ని ఖాళీ కాగితం మీద మొదటి నుంచి రాబట్టడం వేరు. కాలేజీ బిట్లు ఎలాగూ కొట్టిస్తుంది. రెండోది ఆదివారం పూట మీరే చేసుకోవాలి, వారానికి ఒక్కటంటే ఒక్కటే, కానీ చివరిదాకా.

ఇంకోటి, ఒంటరిగా కూర్చుంటే థియరీ వస్తుందనుకోవడం భ్రమ. టోక్యో దగ్గర కషివాలో కావ్లి ఐపీఎంయూ అనే సంస్థ ఉంది, 2018 నుంచి 2023 దాకా ఓగురి దానికి డైరెక్టర్. అక్కడ రోజూ మధ్యాహ్నం మూడింటికి టీ టైము, లెక్కలవాళ్ళు, ఫిజిక్సువాళ్ళు, నక్షత్రాలు చూసేవాళ్ళు అందరూ ఒకచోట చేరి మాట్లాడుకుంటారు. మనకి కాలవగట్టు మీద టీ బడ్డీ ఉండనే ఉంది. శనివారం సాయంత్రం ముగ్గురు చేరండి, ఒకడు లెక్కలవాడై ఉండాలి, ఒకడు ఆ వారం చేసింది చెప్పాలి, మిగతా ఇద్దరూ అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గుపడకూడదు. మా దగ్గర ఇది నాలుగు వారాలు నడిచి సంక్రాంతికి ఆగిపోయింది, మళ్ళీ మొదలెట్టడానికి జూన్ దాకా పట్టింది. మీది అంతకన్నా ఎక్కువ నడవొచ్చు.

నోటు పుస్తకాలు పాతసామాన్ల వాడికి వేయకండి. దీనికో కథ. 1989లో ఓగురి, టోక్యోలో ఆయనకి సీనియర్ అయిన ఎగుచి, మరో ఇద్దరితో కలిసి కే3 అనే ఆకారానికి సంబంధించిన ఒక ఫంక్షన్‌ని ముక్కలుగా విడదీసే పని చేశారు. అలా విడదీస్తే వరసగా అంకెలొస్తాయి, 90, 462, 1540, ఇంకా ముందుకి. ఏళ్ళు గడిచాయి. 2010లో ఎగుచి, ఓగురి, తాచికావా ముగ్గురూ కలిసి ఒకటి గమనించారు: వీటిని సగం చేస్తే 45, 231, 770. ఇవి ఎం24 అనే గణిత సమూహం, అంటే ఒక అమరిక చెడకుండా చేయగల మార్పులన్నిటి గుంపు, దాని పట్టికలో ఉండే అంకెలే! ఆ సమూహంలో 24,48,23,040 మూలకాలు ఉంటాయి, ఫిజిక్సుతో సంబంధం లేకుండా 19వ శతాబ్దంలో మాథ్యూ అనే ఫ్రెంచి ఆయన కనిపెట్టిన బాపతు. ఆ ఆకారానికీ ఈ సమూహానికీ ఏంటి చుట్టరికం? కారణం ఇంకా మిస్టరీయే అని వాళ్ళ పేపర్లోనే రాసేశారు. తెలియనిది తెలియదని రాసి కూడా అది గొప్ప పేపరైంది, దాని మీద ఒక కొత్త పరిశోధనే బయల్దేరింది. మీ పాత నోటుబుక్కులో ఎం24 ఉండకపోవచ్చు, కానీ ఇంటర్‌లో అర్థంకాక వదిలేసిన లెక్క ఎంఎస్సీలో చూస్తే చటుక్కున విడిపోయినప్పుడు వచ్చే ధైర్యం ఏ కోచింగూ ఇవ్వదు.

ఇక రాయడం. ఇది చివర్లో, రిటైరయ్యాక చేసే పని అనుకుంటారు చాలామంది. కాదు. మొదటి కొలతతోనే మొదలెట్టాలి, తెలుగులో, ఇంట్లోవాళ్ళకి అర్థమయ్యేలా.

ఓగురి గ్రావిటీ మీద జపనీస్‌లో రాసిన పుస్తకం 2012లో వచ్చింది, తర్వాతి ఏడాది సూపర్‌స్ట్రింగ్ థియరీ మీద ఇంకోటి, దానికి 2014లో కోదన్షా సైన్సు పుస్తకాల బహుమతి. ఆ రెండో పుస్తకంలో నాకు నచ్చింది ఆయన లెక్కని దాచకపోవడం. స్ట్రింగ్ థియరీలో స్థలానికి 25 దిశలెందుకు కావాలన్న ప్రశ్నకి "పెద్దవాళ్ళు లెక్కేసి తేల్చారు" అని దాటేయరు. 1, 2, 3, 4 అని అనంతంగా కూడితే మైనస్ పన్నెండో వంతు అనే వింత ఫలితం ఒకటుంది కదా, మామూలుగా కూడితే అలా రాదు, ఆయిలర్ చూపించిన పద్ధతిలో వస్తుంది, మన రామానుజన్ 1913లో హార్డీకి రాసిన ఉత్తరంలోనూ ఉంది. వెలుతురు రేణువుకి బరువు ఉండకూడదంటే, దిశల సంఖ్యలోంచి ఒకటి తీసేసి, దాన్ని ఆ వింత మొత్తంతో హెచ్చించి, దానికి 2 కలిపితే సున్నా రావాలి. 24ని పన్నెండో వంతుతో హెచ్చిస్తే 2, మైనస్ కాబట్టి సరిపోయింది, కాబట్టి దిశలు 25. దాని తర్వాతి రూపమైన సూపర్‌స్ట్రింగ్‌లో ఇలాగే 9 వస్తాయి. చదివేవాడికి ఈ ఒక్క కూడిక తన చేత్తో చేసుకునే అవకాశం ఇచ్చారు. మీరు రాసేటప్పుడూ అంతే, పది సంగతులు చెప్పి ఏదీ చూపించకపోవడం కన్నా ఒక్కటి చూపించండి.

పోలికల దగ్గర జాగ్రత్త. మనకి కనబడని ఆ మిగతా దిశలు చిన్నగా చుట్టుకుని ఉంటాయని చెప్పడానికి నేను ఒకసారి క్లాసులో ఆత్రేయపురం పూతరేకు వాడాను. రేకు విప్పితే వెడల్పూ పొడుగూ ఉన్నాయి, చుట్టేసి దూరం నుంచి చూస్తే పుల్లలా ఒక్క పొడుగే కనబడుతుంది, రెండో దిశ చుట్టలో దాక్కుంది. బ్రహ్మాండంగా కుదిరిందనుకున్నాను. వెనక బెంచీ అమ్మాయి లేచి "మరి లోపల బెల్లం దేనికి గుర్తండి?" అంది. క్లాసంతా నవ్వు. ఆ పిల్ల అడిగింది సరైన ప్రశ్నే, పోలిక ఎక్కడ ఆగిపోతుందో నేను చెప్పి ఉండాల్సింది. అప్పటి నుంచి ఏ పోలిక రాసినా కింద ఒక వాక్యం కలుపుతున్నాను, ఇక్కడిదాకా సరి, ఇక్కడి నుంచి కాదు అని.

మాటల విషయంలో పంతం వద్దు. గురుత్వాకర్షణ అని రాయండి, గ్రావిటీ అనీ రాయండి, ఏది నోటికొస్తే అది, కానీ ఒక పేరాలో ఒక సంగతికి రెండు పేర్లు పెట్టకండి. మన దగ్గర దీనికి దారి లేకపోలేదు, ముంగండ మహీధర వారి కుటుంబంలోని నళినీమోహన్ గారు ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో శాస్త్రవేత్తగా ఉంటూనే తెలుగులో చక్కగా సైన్సు రాశారు. రాసింది మొదట అమ్మకో, నాన్నకో, పక్కింటి పిన్నికో చదివి వినిపించండి. ఎక్కడ "ఊఁ" కొట్టడం ఆపేస్తారో ఆ వాక్యం మీకే అర్థం కాలేదన్నమాట.

భూమి కొలత మేం ఈసారి డిసెంబరులో సూర్యోదయంతో చేయబోతున్నాం. అప్పుడైతే మన ఒడ్డున సూర్యుడు ఆగ్నేయం వైపు సముద్రంలోంచే లేస్తాడు, వేసవిలో నేల వైపు పోతాడు కాబట్టి కుదరదు. ఒకడు మేడ మీద, ఒకడు ఒడ్డున, ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటూ సూర్యుడి పైఅంచు కనబడగానే కేక పెట్టాలి. పైవాడికి ముందు కనబడుతుంది, దిబ్బతో కలిపి 11 మీటర్ల ఎత్తుకి తేడా ఇరవై సెకన్లు అటూ ఇటూగా ఉండాలి. కిందవాడు బోర్లా పడుకుంటే కన్ను నీళ్ళకి దగ్గరై తేడా బాగా తెలుస్తుంది. ఇసక తడిగా ఉంటుంది, పాత గోనెసంచి ఒకటి తెచ్చుకోండి, దిబ్బ ఎత్తు ముందు రోజే కొలిచి పెట్టుకోండి.